నన్ను కోయించు, అత్తా

చెరుకుతోట అవతల పాడుబడ్డ నుయ్యి చూశారు కదూ, పక్కనే చింతచెట్టు వంగి ఉంటుంది, అటు మేకలు కూడా పోవు. దాన్ని పైడితల్లి నుయ్యి అంటారు. వెనక ఆ గుసగుసలు ఆపండర్రా, చెబుతున్నాగా.

పైడితల్లి మన బంగారమ్మ కోడలు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ నవ్వుతూ ఉండేదిట. ఒకనాడు చూస్తే నూతి దగ్గర పడి ఉంది, మొహం నల్లబడిపోయింది, ఊపిరి లేదు. పోలీసులకు చెబుదామని ఊళ్ళోవాళ్ళంటే బంగారమ్మ గుండెలు బాదుకుని, వద్దు బాబూ, ఆసుపత్రిలో ఒళ్ళు కోస్తే నా కోడలు దెయ్యమై తిరుగుతుందని, పొద్దు వాలకుండానే పాతిపెట్టించేసింది. ప్రేమే, కాదనను. మరి రూలేమిటి? పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల అనుమానంగా పోతే పోస్టుమార్టం చేయించి తీరాలి. ఎందుకూ? పోయినవాళ్ళు నోరు విప్పి చెప్పలేరు కనుక.

అంతలో పైడితల్లి అన్న వచ్చి, పురుగుల మందు పోసి చంపారు, అందుకే హడావిడిగా పాతేశారని కేసు పెట్టాడు, పోలీసులొచ్చి మొగుడు సింహాచలాన్ని పట్టుకుపోయారు, నేను కాదు మొర్రో అంటే వినేదెవరు?

ఇక బంగారమ్మ మిట్టమధ్యాహ్నం నీళ్ళకు వెళితే వీపు వెనక ఒకటే దగ్గు. తిరిగి చూస్తే కోడలు!

"కోస్తే దెయ్యమవుతానన్నావు కదా అత్తా, కొయ్యకుండానే అయ్యాను, చూడు! నీ కొడుకు ఇంటికి రావాలా, వద్దా? నన్ను కోయించు" అందిట.

బిందె అక్కడే వదిలేసి బంగారమ్మ స్టేషనుకు పరిగెత్తింది. పాతిన శవాన్ని మా అంతట మేం తవ్వకూడదమ్మా, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలన్నారు వాళ్ళు, అక్కణ్ణించి పోయి, ఆ మేజిస్ట్రేటు అధికారం ఉన్న తాసిల్దారు కాళ్ళమీద పడింది, చివరికి ఆయన ఎదురుగానే, పట్టపగలు, ఊరిపెద్దలు సాక్షులుగా నిలబడగా తవ్వించారు. డాక్టరమ్మ అక్కడే డేరా వేయించుకుని కోసి చూసింది. ఊపిరిగొట్టంలో ఏం దొరికిందనుకున్నారు? కాల్చిన పనసగింజ! నములుతూ నవ్వింది పిచ్చితల్లి, అడ్డం పడింది. విషం పరీక్షకు పంపితే అదీ లేదనే వచ్చింది. సింహాచలాన్ని వదిలేశారు, కేసు పెట్టిన ఆ అన్నే వచ్చి అతని చేతులు పట్టుకుని భోరుమన్నాడుట.

మరి పైడితల్లి వెళ్ళిపోయిందా? ఎక్కడికి పోతుంది! బంగారమ్మ బతికున్నన్నాళ్ళూ పనసగింజలు ఉడకబెట్టి, మెత్తగా నూరి, నూతిగట్టున పెట్టి వచ్చేది. మింగేటప్పుడు నవ్వకే అని కేకలేసి మరీ వచ్చేది.

ఇప్పటికీ అటు ఎవరైనా ఏదైనా నములుతూ పోతే, వెనకనుంచి పైడితల్లి వీపు మీద ఒక్కటి చరుస్తుంది, నోట్లోది ఊడిపడేదాకా. కాబట్టి అటు పోకండి. పోయి తీరాలంటే, ఒరే గవరయ్యా, ముందు ఆ బుగ్గలోది ఉమ్మేసి పో.