నలభైలో ముప్ఫై ఎనిమిది

హలో… ఆ, నేనేనండి, తెనాలి నుంచి డాక్టర్ కృష్ణకాంత్‌ని. ఫ్లోరెన్స్ టీచర్ గారేనా?… వందనాలండి.

అబ్బే, కంగారుపడకండి. మీకేం కాలేదు. తప్పు నాదే…

మీ మోకీలు మార్చాక చీము పట్టింది కదా, మళ్ళీ కోసి కడిగాను… ఆ, నాలుగేళ్ళయింది. అలాంటివాళ్ళు నా దగ్గర నలభై మంది. ముప్ఫై ఎనిమిది మందికి నయం చేశానని వ్యాసం రాశాను. సభలో శాలువా కూడా కప్పారు.

ఆగండాగండి, అప్పుడే మెచ్చుకోకండి.

ఇప్పుడు డాక్టర్లందరం కూర్చున్నాం, అసలు నయమంటే ఏంటని… నవ్వకండి టీచర్ గారూ. ఒకాయన కుట్లు ఆరితే నయమంటాడు. ఇంకొకాయన ఏడాదిపాటు చీము రాకపోతే నయమంటాడు. నేనా?… రోగి మళ్ళీ నా గుమ్మం ఎక్కకపోతే నయం.

అవునండి, చదువుకున్నవాణ్ణే.

అందుకే ఇకమీదట అందరం ఒకే ప్రశ్నలు అడగాలనుకున్నాం, ఒకే కాగితం మీద. పాత రోగులందరికీ ఫోన్లు చేస్తున్నా. మీ పేరుకెదురుగా ‘బాగుంది’ అని ఉంది. మీరే అన్నారు—

ఏంటీ, ఎవరడిగినా అలాగే అంటారా?

…నేను బాధపడతాననా?

సరే, ఈసారి మొహమాటం వద్దండి. ఆ చీముకి మాత్రలేమైనా వాడుతున్నారా?… రోజూనా! ఎవరు రాశారు?… బాపట్లలో ఇంకో డాక్టరా. ఆయన మళ్ళీ కోశాడా?… రెండుసార్లు!

మరి ప్రతి క్రిస్మస్‌కీ కేకు పంపారు కదండీ. ఆ కేకు చూసి ‘రోగి కులాసా’ అని రాసుకున్నా… ఒట్టండి, రిజిస్టర్లో ఉంది.

చర్చిలోనా?… ప్రభు రాత్రి భోజనానికి అందరూ మోకరిస్తే మీరొక్కరే నిలబడి రొట్టె తీసుకుంటున్నారా. నాలుగేళ్ళుగా…

కాగితంలో ఆ ప్రశ్న లేదు. పక్కన రాస్తాను.

అయ్యో, నా లెక్క చెడుతుందని ‘నయం’ అనేయకండి, మీకు దణ్ణం పెడతా! చెడనివ్వండి. పొద్దుట్నుంచి పదకొండు ఫోన్లు చేస్తే ముప్ఫై ఎనిమిది కాస్తా ముప్ఫై ఒకటయింది. మీతో ముప్ఫై. శాలువా తిరిగిచ్చేద్దామంటే, మా ఆవిడ దాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచేసింది.

మీరు రావద్దండి. ఆదివారం నేనే బాపట్ల వస్తా, ఆ మోకాలు చూస్తా.

తర్వాత ఎవరికా? రేపల్లె మాణిక్యమ్మ గారికి. వార్డులో మీ పక్క మంచం, గుర్తుందా? ఆవిడ మాత్రం నిక్షేపంగా ఉంటారు. ఇంటికెళ్ళాక ఒక్కసారి కూడా రాలే—

…

ఎప్పుడు పోయారండీ?… మూడేళ్ళయిందా!

…ఆ చీమేనా?… ఒళ్ళంతా పాకిందా.

నేను ‘నయం’ అని రాశానండి.

లేదు, ఎవరూ చెప్పలేదు… నేనూ అడగలేదు.

వాళ్ళమ్మాయి నంబరుందా మీ దగ్గర?… పేరు దీవెన. ఆ, చెప్పండి, రాసుకుంటున్నా… ఆఖర్న ఆరా, ఎనిమిదా?… ఆరు.

ఏం చెప్తానా?… తెలీదండి. భయంగా ఉంది. ముందు వాళ్ళమ్మకి ఏమైందో అడుగుతాను. మూడేళ్ళ కిందటే అడగాల్సింది.

లేదండి, రేపు కాదు. ఇప్పుడే చేస్తా… ఉంటానండి.