బావ వచ్చేదాకా ఆగిన రిపేర్లు

ఆ ఫోన్ కాస్త పక్కన పెట్టవే తల్లీ, మీ ఆయన ఓ గంటాగి చేస్తాడులే, ఎక్కడికి పోతాడు. పోయాడనేగా నీ బాధ, అవును, నిజమే. ఎన్నాళ్ళన్నావు, నాలుగు నెలలా? మా అక్కయితే తొమ్మిది నెలలు ఒంటరిగా ఉండేది. ప్రతి ఏడాదీ. నువ్వు పుట్టకముందే పోయిందిలే, నీకు ఫోటోలో తప్ప తెలీదు. మా బావ సరుకుల ఓడలో ఇంజను మెకానిక్కు. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంట్లో. మిగతా నెలా? అది రాకపోకలకీ, ఆఫీసు చుట్టూ కాగితాలకీ సరిపోయేది. వాళ్ళు పై వాటాలో, నేను కింద. నేనప్పటికే ప్లంబింగు పనిలో ఉన్నా, నలుగురూ నా పేరు చెప్పుకునే రోజులు. నవ్వకు, నిజంగానే చెప్పుకునేవాళ్ళు.

మరి అంత పేరున్న తమ్ముణ్ణి కింద పెట్టుకుని కూడా అక్క ఇంట్లో ఏదీ సరిగ్గా పనిచేసేది కాదు. వంటగది కుళాయి కారుతుంటే కింద గిన్నె పెట్టేది. బాత్రూం గొళ్ళెం పడదు, లోపలున్నవాళ్ళు దగ్గుతూ ఉండాలి. కుర్చీకి ఒక కాలు పొట్టి. "అక్కా, రెండు నిమిషాల పని, చేసి పడేస్తా" అంటే, "ఒరేయ్, నీ పని నువ్వు చూసుకో, మీ బావ వచ్చి చూస్తారు" అనేది. "మీ అక్కకి బద్ధకమండీ" అనేది మా ఆవిడ. నేనూ అంతే అనుకున్నా. ఇంతకీ ఆ బావ ఎలా వచ్చేవాడనుకున్నావ్? పెట్టె గుమ్మంలో పెట్టి, చుట్టాలింటికొచ్చినట్టు నిలబడేవాడు. అక్కేమో "కూర్చోండి" అనేది. సొంత మొగుణ్ణి! మంచినీళ్ళిచ్చి పక్క గదిలోకి వెళ్ళిపోయేది. తొమ్మిది నెలల్లో ఇద్దరికీ అలవాట్లు మారిపోతాయిగా, ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మర్నాడు పొద్దున్నే బావ పానా తీసేవాడు. "ఈ స్టూలు కాస్త పట్టుకో." "పట్టుకున్నా, మీరు పడకండి." "టార్చి ఇటు వెయ్యి, నా మొహం మీద కాదు." "ఆ మొహం చూసి తొమ్మిది నెలలైంది, కాసేపు వెయ్యనివ్వండి." అలా ఓ మూడు రోజులకి ఇల్లూ బాగయ్యేది, వీళ్ళూ మొగుడూ పెళ్ళాలయ్యేవాళ్ళు. ఇదంతా నాకు తర్వాత తెలిసిందిలే.

ఒక ఏడు, బావ రావడానికి ఇంకా పది రోజులుందనగా అక్కకి కడుపునొప్పొచ్చింది. అపెండిక్సు. ఆపరేషన్ చేసి వారం ఆసుపత్రిలో ఉంచారు. తాళాలు నా దగ్గరున్నాయి. ఇక చూస్కో నా తెలివి. కుళాయి కొత్తది వేశా, గొళ్ళెం మార్చా, కుర్చీ కాలు సరిచేయించా, కిటికీ రెక్కలకి నూనె కూడా పెట్టా. అక్క ఇంటికొచ్చి గది గదీ తిరిగింది. కుళాయి తిప్పింది, కట్టింది, మళ్ళీ తిప్పింది. "బాగా చేశావురా" అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆపరేషన్ నీరసం అనుకున్నా.

బావ వచ్చాడు. మర్నాడు పానా పట్టుకుని ఇల్లంతా తిరిగాడట, ఎక్కడ చెయ్యి పెట్టినా అన్నీ భేషుగ్గా ఉన్నాయి. పానా సంచీలో పడేసి కూర్చున్నాడు. ఈవిడ ఎదురుగా కూర్చుంది. నేను వెళ్ళి చూస్తే పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టున్నారు ఇద్దరూ. "ఎండలెలా ఉన్నాయి?" "బానే ఉన్నాయి." నాలుగు రోజులు అదే. ఐదో రోజు ఓడ ఆఫీసు నుంచి ఫోను, ఎవరో జబ్బుపడ్డారు, ఈ వారమే ఎక్కగలవా అని. ఇదివరకు ఎప్పుడడిగినా కుదరదని మొహం మీదే చెప్పేవాడు. ఈసారి "రేపు మధ్యాహ్నం చెబుతా" అన్నాడు. మెట్ల మీద నాతో మామూలుగానే అన్నాడు, "ఇక్కడ నాతో ఎవరికీ పనిలేదోయ్. అక్కడైనా ఉంది." అక్కకి చెబితే "ఆయనిష్టం" అంది. ఉండమని అక్క ఏ ఏడూ అనలేదు, అలా అంటే ఆయనకి వెళ్ళేటప్పుడు కాళ్ళు కదలవని ఆవిడ భయం. అప్పుడర్థమైంది నేనేం చేశానో. రెండు నిమిషాల పనని చేసి పడేశాగా.

మర్నాడు మధ్యాహ్నం మా కప్పులోంచి నీళ్ళు. పైకి పరిగెత్తా. వంటగదంతా చెరువు. అక్క, కుట్లింకా మానలేదు, సింకు ముందు మోకాళ్ళ మీద కూర్చునుంది, చేతిలో బావ పానా. నేనేసిన కొత్త కుళాయి నట్టు విప్పేసింది. నా కళ్ళలోకి చూసి, "నువ్వేసింది కారుతోందిరా" అంది. "అవునక్కా, వాషరు సరిగ్గా వెయ్యలేదు, నాది వెధవపని" అన్నా. ఏమంటాను మరి. బావ గడ్డం గీసుకుంటున్నవాడు సబ్బు మొహంతోనే వచ్చాడు. విప్పిన నట్టు ఎలా ఉంటుందో ఇంజను మెకానిక్కుకి తెలీదా? నట్టు చూశాడు, అక్కని చూశాడు, పానా తీసుకుని నన్ను తిట్టాడు. "ఏం పనివాడివోయ్ నువ్వు!" అని సింకు కిందకి దూరాడు.

అదే సమయానికి ఫోను. ఓడ ఆఫీసువాళ్ళే. అక్క తడిచేతుల్తో తీసింది. నేను పక్కనే ఉన్నా, విన్నా. "ఆయన రారండీ" అంది. అవతలివాడు ఎందుకని అడిగాడు కాబోలు. "నాకు ఆయనతో పనుంది" అంది.

సింకు కింద పానా చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ మొదలవలేదు. నేను కిందకొచ్చి మా ఇంట్లో నీళ్ళు ఎత్తిపోసుకున్నా.