నలభయ్యొక్క పడిపోవడాలు

మిన్నెసోటాలో ముప్పై వృద్ధాశ్రమాలు కలిసి పెట్టుకున్న సొంత బీమా సంఘం అది. ఎవరి ఆశ్రమం మీద దావా పడినా అందరూ పంచుకుని కట్టాలి. వార్షిక సమావేశానికి ముందు, హాలు బయట కాఫీ బల్ల దగ్గర ఆర్లిస్, డ్వేన్. ఇద్దరూ చెరో ఆశ్రమం నడుపుతున్నారు.

"నలభయ్యొకటా? ఒక్క ఏడాదిలో నలభయ్యొకటా, ఆర్లిస్?"

"మెల్లిగా డ్వేన్, లోపల వింటారు. ఎవరు పడినా మర్నాటికల్లా సంఘానికి రాసి పంపాలన్నది మనం పెట్టుకున్న రూలే కదా. పడ్డారు, రాశాను."

"అంతమంది ఎలా పడ్డారు?"

"అంతమంది ఎక్కడ? పదకొండు ఒక్క హేజెల్‌వే. పోల్కా."

"పోల్కా ఏంటి?"

"తొంభై రెండేళ్ల మనిషి డాన్సు చేస్తానంటే కుర్చీకి కట్టేయమంటావా? గిర్రున తిరుగుతుంది, చతికిలబడుతుంది, లేచి మళ్లీ మొదలు. దెబ్బేం తగల్లేదు. మూడోసారికే కింద మెత్తటి పరుపు వేయించా."

"అదీ రాశావా?"

"రాశా. మెర్ల్ తాత నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారాడని రాశా. అది చూసి నర్సు కూలబడింది, అదింకోటి."

"నర్సుదీ రాశావా?"

"పడింది కదా."

"నవ్వించకు. ఇవాళ నాకు నవ్వే ఓపిక లేదు."

"నవ్వక ఏం చెయ్యను? ఎవరినో సంఘంలోంచి తీసెయ్యాలా వద్దా అని ఇవాళ వోటట. పేరు లోపలే చెప్తారట. ఇంకెవరు, నేనే. నలభయ్యొకటి చూశాక బయట ఏ కంపెనీ నాకు బీమా ఇస్తుంది? బీమా లేకపోతే తలుపులు మూసుకోవడమే. హేజెల్‌ని ఎక్కడ తిరగమనను?"

"అది కాదు ఆర్లిస్..."

"నీకేం నాయనా. తొంభై మంది ఉన్నారు నీ దగ్గర. ఎన్ని పంపావు?"

"ఈ నిమ్మకాయ బిళ్లలు ఎవరు చేశారో గానీ బాగున్నాయి."

"ఎన్ని, డ్వేన్?"

"సున్నా."

"సున్నానా? ఏడాది పొడుగునా ఒక్క ముసలాయనా తూలలేదా?"

"మా మేనేజరు రాయనివ్వలేదు. రాస్తే చెడ్డపేరన్నాడు. నేనూ భేష్ అన్నా. కేకు కూడా కోశాం."

"కేకా?"

"సున్నా ఆకారంలో."

"అయ్యో, డ్వేన్... ఆగు, కాఫీ ఒలికిపోతోంది... సున్నా ఆకారంలోనా?"

"నవ్వు, నవ్వు. కేకు తిన్న వారానికే దావా పడింది. స్నానాలగదిలో జారి ఒకావిడ మణికట్టు విరిగింది. మీరేం జాగ్రత్త తీసుకున్నారు, కాగితం చూపించండి అంటున్నారు ఆవిడ లాయర్లు. ఏం చూపించను, కేకు ఫోటోనా?"

"మరి నీ మీద ఎవరూ వోటు పెట్టలేదా..."

"వోటు నీ మీద కాదు తల్లీ, నా మీద; రాయకుండా దాచానని నోటీసు కూడా ఇచ్చారు. ఒకరి నష్టం ఒకరం పంచుకుంటామని సంతకాలు పెట్టాం కదా, నీ వాటిల్లోంచి ఓ పది పడిపోవడాలు నాకిద్దూ."