ఎడమవైపు బొత్తాలు

వరండాలో పాత సైనిక దుస్తులు సేకరించే పెద్దమనిషి సంచి సర్దుకుంటున్నాడు. మనవడి కొత్త పెళ్ళాం కోటు పట్టుకుని మామ్మగారి గదిలోకి పరిగెత్తింది.

"మామ్మగారూ, తాతగారి కోటు నకిలీ అంటున్నాడాయన. మీ మనవడి ముఖం మాడిపోయింది."

"నకిలీయా? ఏం చూసి?"

"బొత్తాలు ఎడమవైపున్నాయట. మగవాళ్ళ కోటుకి కుడివైపు ఉండాలిట."

"అది కంటికి ఆనిందంటే పని తెలిసినవాడే."

"నాకూ ఒక అనుమానం. ఇందాక సరదాగా తొడుక్కున్నాను. నడుం దగ్గర నా కొలతకి కుట్టినట్టే ఉంది."

"కాపురానికొచ్చి నెల కాలేదు, అప్పుడే నా కోటు వేసేసుకున్నావా?"

"మీ కోటా?"

"సైన్యంలో అంబులెన్సు నడిపింది నేను. మీ తాతగారు బడిపంతులు."

"మరి ఇంటిల్లిపాదీ తాతగారిదంటారేం?"

"ఆదివారం వస్తే చాలు, దాన్ని దులిపి, ఇస్త్రీ చేసి, బొత్తాలు తళతళలాడేట్టు తోమేది ఆయనే. పిల్లలు అది చూసి ఆయనదే అనుకున్నారు. ఆయనేమో ఎవరడిగినా 'మన కోటు' అనేవారు. ఆ మాట వినడం నాకు బాగుండేది, అందుకే ఊరుకున్నాను."

"ఇవాళ కూడా ఊరుకుంటారా?"

"నా కోటుని నకిలీ అన్నాక ఎలా ఊరుకుంటాను? ఇలా తే, చెయ్యి దూర్చనీ."

"బొత్తాలు పట్టడం లేదు మామ్మగారూ."

"పట్టకపోతే మానె. కాలర్ సరిచెయ్యి."

"ఆయన వెళ్ళిపోతాడేమో."

"నువ్వు ముందు వెళ్ళి కూర్చోమని చెప్పు. లేచి నిలబడాలో వద్దో నన్ను చూశాక ఆయనే తేల్చుకుంటాడు."