వాన నమాజులో బోర్లా పెట్టిన చేతులు

“ఖాజా తాతా, ఆ పెన్న ఇసక వీడియో మళ్లా తిరుగుతాండాది. నిన్న తొమ్మిదో తరగతి పిల్లోడు లేచి, ‘మేడమ్, సాయిబులు వాన రాకుండా మంత్రం వేసినారంట కదా’ అనె. రేపు చెప్తా అని కూర్చోబెడితి. నువ్వు ఆడ ఉంటివి గదా, చెప్పు.”

కూర్చో పాపా, కూర్చో. ఆ ఫోను దగ్గర పెట్టు, గొంతు బాగా పడాల. ముప్పై ఏండ్లు బళ్లో తెలుగు చెప్పిన గొంతు ఇది, ఎదురుగా వినేటోళ్లు లేకుంటే పలకదు. మా ఇంట్లో మీ షమీమవ్వ అంటా ఉంటాది, ‘ఎవురూ దొరక్కుంటే గోడకన్నా పాఠం చెప్తాడు ఈయప్ప’ అని. అననీలే.

ఆ ఏడు చెనక్కాయ బాగనే మొలిచింది. ఊడలు దిగే టయానికి వాన మొగం చాటేసె. పామిడి కాడ పెన్నలో నీళ్లు యాడివి, ఒట్టి ఇసక. అప్పుడు మా మసీదులో నమాజు చేయించే హజరత్, బళ్లారి పక్కనుంచి వచ్చినోడు, చిన్న వయసు, నా మనవని ఈడు, ‘వాన నమాజు చేద్దాం’ అన్నాడు. అందరమూ పాత గుడ్డలు వేసుకొని, నడిచి, మేకల్ని కూడా తోలుకొని పెన్నలోకి పోతిమి. అట్లే పోవాల ఆ నమాజుకు. అత్తరు గిత్తరు పూసుకొని పెండ్లికి పోయినట్ల పోకూడదు. నమాజు అయినంక హజరత్ భుజం మింద చాదరు తిరగేసి కప్పుకున్నాడు. ఈ నేల గతి కూడా ఇట్లనే తిరగనీ అని. ఆపైన దువా, అంటే దేవునికి మొర. మామూలు దువాకు అరచేతులు పైకి పెడ్తాం, అడుక్కునేటోని మాదిరి. ఆ పొద్దు మాత్రం బోర్లా. చేతి వెనకపక్క ఆకాశానికి, అరచెయ్యి నేలకు.

గట్టు మింద నుంచి ఎవడో వీడియో తీసినాడు. ఎవడో ఏంది, నాకు తెలుసు, నా కాడ చదువుకున్నోడే. పేరెందుకులే. సాయంత్రానికి అందరి ఫోన్లలో ‘చూడండప్పా, మబ్బును పొమ్మని తోస్తాండారు’ అని పాకిపోయె. చూసేదానికి అట్లనే ఉండాది గూడా! మన పక్క చెయ్యి బోర్లా ఊపితే వద్దు పో అనే గదా.

ఇంక మీ తాత సంగతి, అదే మీ జేజినాయన సంగతి. తెల్లార్తో నమాజు చేసుకొని నేను బయటికి వచ్చేసరికి ఎదురుగా టీ అంగడి బల్ల మింద ఓబిరెడ్డి కాచుకొని ఉండల్ల. టీ పావలా ఉన్నప్పటి నుంచి అదే బల్ల. కాదు కాదు, బల్ల మారింది రెండు సార్లు, మేము మారలేదు. ఆ వీడియో మర్నాడు గూడా వచ్చినాడు.

“ఏమప్పా ఖాజా, చేతులు యాల బోర్లా పెట్టినారు?” అనె.

“మాకు అట్లే చేస్తారప్పా” అంటి.

“అట్లే అంటే?”

“అట్లే. మా నాయన చేసె, నేను చేసినా.”

గ్లాసు సగంలో పెట్టేసినాడు పాపా. “పద్దెనిమిది ఎకరాలు ఎండిపోతాండాది నాకు. నువ్వు అట్లే అంటావు” అని టవాలు దులుపుకొని పోయె. మర్నాడు బల్ల ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ.

నాకూ కోపం వచ్చె. ఇంతకాలం స్నేహితం, ఒక వీడియోకు పాయెనా అని ఇంట్లో అరిస్తి. మీ షమీమవ్వ బియ్యం చెరుగుతా తల గూడా ఎత్తకుండా, “ఆయప్ప అడిగిందానికి జవాబు నీకు తెలుసునా?” అనె.

తెలీదు. అదీ సంగతి! ఊరి పిల్లోళ్లందరికీ సంధులూ సమాసాలూ నేర్పినోన్ని, నేను దినామూ చేసే పనికి అర్థం నేను అడుక్కోలేదు. సిగ్గు ఇడిచి ఆ చిన్నోని ముందర చాప మింద కూర్చుంటి. హజరత్ చెప్పినాడు: “సార్, ఏదన్నా ఇయ్యమని అడిగేటప్పుడు అరచేతులు పైకి. మీద పడిన కష్టాన్ని తీసెయ్యమని అడిగేటప్పుడు బోర్లా.” తోసే మాట నిజమే పాపా. తోసేది కరువును.

ఆ శుక్రవారం మసీదు తలుపులు రెండూ తీసి పెట్టించినా. బళ్లో నుంచి నల్లబోర్డు మోయించుకొచ్చి, ఆ దువా తెలుగులో రాసినా. దేవుడా, నీ మనుషులకు నీళ్లియ్యి, నీ పశువులకు నీళ్లియ్యి, చచ్చిన నేలకు పాణం పొయ్యి, అదీ దాని భావం. ఊరోళ్లు చానామంది వచ్చిరి. వీడియో తీసినోడు గూడా వెనకాల తల వంచుకొని కూర్చున్నాడు. మీ జేజినాయన మాత్రం వాకిట్లో, చెప్పులు చేతిలో పట్టుకొని.

“లోపలికి రాప్పా.”

“కాళ్లకు పేడ ఉండాది.”

“కడుక్కో. మేమూ కడుక్కొనే వస్తాం.”

వచ్చినాడు. బోర్డు నిదానంగా చదివినాడు. “ఖాజా, పశువులంటే మా పశువులు గూడానా?”

“అన్నీ ఆయనవే గదప్పా. నీ ఎద్దును ఎట్ల ఇడిసిపెడ్తాడు?”

“థూ నీ పాసుగూల. ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, పదకొండు దినాలు ఒక్కన్నే టీ తాగే కర్మ తప్పిండు గదరా!” మసీదంతా ఒకటే నవ్వు.

వాన ఇరవై దినాలకు వచ్చె. మీరు వాన కోసరం కప్పకు పెండ్లి చేస్తిరి, మేము చాదరు తిరగేస్తిమి, ఎవరి మాట విన్నాడో ఆయన్నే అడగాల. సగం పంట దక్కింది.

ఆపైన దినామొక ప్రశ్న పాపా! ఉపాసంలో నీళ్లు గూడా యాల తాగరు? మక్కా పక్కకే యాల తిరుగుతారు? తెలిసింది చెప్తా ఉంటి, తెలీకుంటే ‘రేపు చెప్తా’ అని హజరత్ కాడికి పోతా ఉంటి. నా దీను, నా మతం, నేను నేర్చుకునింది ఆయప్ప ప్రశ్నలతోనే.

పోయిన ఎండాకాలం ఒకనాడు అడిగినాడు. “ఖాజా, మీ స్వర్గంలోకి నా మాదిరోన్ని రానియ్యరంట, ఫోన్లో చెప్తాండారు. నిజమేనా? రానియ్యకుంటే ఆడ నువ్వు ఎవునితో మాట్లాడ్తావు?” నవ్వుతానే అడిగినాడు. కండ్లు మాత్రం నవ్వలేదు.

రేపు చెప్తా అంటి.

ఆ సాయంత్రమే పోయి హజరత్‌ను అడిగితి. “సార్, ఎవరిని రానిచ్చేది దేవుని పని. ఫలానా వాణ్ణి రానియ్యడు అని చెప్పే అధికారం మనకెవరికీ లేదు. ఆయన దయ ఎంతో కొలిచినోడు లేడు” అన్నాడు. ఆ మాట మర్చిపోతానేమో అని దారంతా అనుకుంటా వచ్చినా. తెల్లార్తో బల్ల కాడికి పోయినా. ఎండ వచ్చె. టీ రెండు గ్లాసులూ చల్లారె. ఆపైన మీ నాయన బండి మింద వచ్చె, ‘నాయన రాత్రి పోయినాడు’ అని... ఆ పొద్దు సంగతి నీకు తెలుసు గదా తల్లీ.

ఆ జవాబు నా కాడనే ఉండిపోయింది. ఇప్పుడు గూడా నమాజు చేసుకొని బయటికి వస్తానే ఆ బల్ల పక్కకే...

పోనీలే. అల్లా నిన్ను సల్లగా ఉంచనీ, నువ్వు చెప్పే చదువులో బరకత్, పెంపు, ఇయ్యనీ. ఆ పిల్లోన్ని తిట్టాకు పాపా, అడిగినోడు మంచోడు. తెలిస్తే చెప్పు, తెలీకుంటే కనుక్కొని చెప్పు. అయితే ఆ దినమే పోయి చెప్పు తల్లీ. రేపు అనాకు.