మగ్గాలాపిన పున్నమి

ఎందుకాపినావు మురుగేసూ మగ్గాలు? నేనడిగినానా? ధనంజయ సారు అడిగినాడా? పోనీ మీ బావ ఉన్నన్నాళ్ళూ ఏ పున్నమికన్నా నీ షెడ్డుకొచ్చి, మేం ధ్యానానికి కూర్సుంటాం, ఆపప్పా అన్నాడా? ఇన్ని పున్నములూ ఆడించినవాడివి, ఈ పొద్దే నీకు మర్యాద గుర్తుకొచ్చిందా?

లెయ్యొద్దులే, కూర్సో. నేను నిలబడే మాట్లాడతా. ఎక్కువసేపు ఉండేదానికి లేదు. ఇంట్లో ఐదుమంది కండ్లు మూసుకోని కూర్సోనుండారు. నేను పొయ్యి గంట కొడితేగాని తెరవరు.

ఈ గ్లాసా? ఉండు, సెప్తా.

కోపమేం లేదప్పా నీ మీద. కోపం వచ్చినా బాగుండు. మీ బావ పొయిన కాడ్నించీ నాకేమీ రాలే.

పుత్తూరులో బస్సు దిగతా పడిపొయినాడు గదా. తెచ్చి నడింట్లో పండబెట్టేటప్పుడు నువ్వే ఒక పక్క పట్టుకున్నావు. నా కంట్లో నీళ్ళు సూసినావా? కుప్పమ్మత్త నా వీపు నిమిరి నిమిరి సెప్పింది, ఏడ్సమ్మే, లోపలే పెట్టుకుంటే మనిషికి మంచిది కాదు అని. లోపల ఉంటే గదా పెట్టుకునేదానికి. ఆ పొద్దు నేను ఏం తలుస్తా ఉండానో తెలుసునా? వచ్చినోళ్ళకు కాఫీకి పాలు సాల్తాయా సాలవా అని.

దానికి ధనంజయ సారు ఏమన్నాడు? నువ్వూ విన్నావు, నలుగుర్లోనే అన్నాడు. “ఉదయలక్ష్మమ్మను చూడండి, ఎంత నిబ్బరం. భర్తతో కూర్చుని చేసిన ధ్యానం ఊరికే పోలేదు” అని. తిరుపతిలో యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన మనిషి. మీ బావకు ఇదంతా నేర్పించినవాడు. అంత తెలిసినాయన అంటే అదే నిజమేమో అనుకున్నా నేను కూడా.

అందుకే గదా ఈ పున్నమికి ధ్యానం నన్నే నడిపించమన్నారు. మునిరత్నం జాగాలో నువ్వు కూర్సోమ్మా అని. సరే అన్నా. వద్దనాలన్నా లోపల ఏదో ఒకటి ఉండాల గదప్పా.

మద్దేన్నం నించీ అదే పని. నడింట్లో మంచం ఎత్తి గోడకు ఆనిచ్చినా. బండలు కడిగినా, సాపలు పరిసినా. మీ బావ తిరుపతిలో రోడ్డుపక్కన కొన్న బుద్ధుడి బొమ్మ లేదూ? దాన్ని తెచ్చి సుబ్రమణ్యస్వామి పటం కింద పెట్టినాడని వీధంతా నవ్వినారే. ఏమన్నాడు మీ బావ? ఆయన కండ్లు తెరుసుకోని సూస్తాడు, ఈయన కండ్లు మూసుకోని సూస్తాడు, ఇద్దరికీ తగాదా ఏముండాది అన్నాడు. ఆ బొమ్మనే తుడిసి, తెల్లగుడ్డ మీద పెట్టినా. ముందర చెంబుతో నీళ్ళు, రెండు కొవ్వొత్తులు.

మల్లెపూలు నేను పెట్టొచ్చునా లేదా అని కుప్పమ్మత్త నసిగింది. మొన్ననే గదా దినాలైనాయి. బుద్ధుడికి ఆ పట్టింపు లేదత్తా అని నేనే పెట్టినా. అది కూడా మీ బావ మాటే. సూడబోతే ఆ ఇంట్లో నా మాటంటూ ఒకటీ లేదు.

వచ్చినారు, కూర్సున్నారు. మూడు శరణాలు సెప్పించినా. ఐదు శీలాలు సెప్పించినా. వెన్ను నిలువుగా పెట్టండి, కండ్లు మూయండి అన్నా. లోపలికి పొయ్యే గాలిని సూడండి, బయటికొచ్చే గాలిని సూడండి. ఏ సద్దు వచ్చినా రానీండి, దాన్ని పట్టుకోవద్దండి, తోసెయ్యొద్దండి. మీ బావ ఎట్ల సెప్తాడో అట్లనే, బడిపిల్ల ఒప్పజెప్పినట్టు సెప్పినా. సారు మెచ్చుకుంటా తల కూడా ఊపినాడు.

అప్పటికి నీ మగ్గాలు ఆడతానే ఉండాయి. గోడకవతల టకటకా, టకటకా. ఆ అదురు సాపలోనించి నా వెన్నుకు తగలతా ఉండాది. బాగుండాది. మీ నాయన షెడ్డు కట్టినప్పటినించీ వింటా ఉండా గదా. ఆ గోడవార మగ్గం మీ బావది. ఇప్పుడు దాన్ని సిన్నబ్బ ఆడిస్తా ఉండాడని నాకు తెలుసు. నాకు తెలుసు గానీ, సద్దుకేం తెలుసు? సద్దు అదే సద్దు.

అంతలో నువ్వు మోటార్లు ఆపినావు. ఒకటి, ఇంగోటి, ఇంగోటి. కడాకు గోడవారది.

ఆయన పొయిన పొద్దు కూడా వీధంతా మగ్గాలాపినారు, కాదనలే. ఆ పొద్దు డప్పులు, పలకలు కొడతా ఉండారు, ఏడ్సేవాళ్ళు ఏడస్తా ఉండారు. ఆ గోలలో మగ్గాలు ఆడతా ఉండాయో లేదో ఎవరికి తెలస్తుంది? మళ్ళా పొద్దుకు నువ్వు ఎప్పట్లా ఏసేసినావు, రేయీ పగలూ ఆడతానే ఉండాయి. మగ్గాలకు అమావాస్య సెలవు ఇంగా రాలే. కరెంటు కూడా ఎప్పుడూ లేనిది, ఈ పద్నాలుగు దినాలూ పోకుండా ఉండాది.

మగ్గాలాగితే మీ బావ ఏం సేస్తాడు, నువ్వే సెప్పు. కరెంటు పొయినా, పడుగు అయిపొయినా, నేరుగా మా పెరటి వాకిలికి వస్తాడు. లోపలికి రాడు. ఒళ్ళంతా దూది ఉంటాది, రెప్పల మీద గూడా. ఇల్లంతా దూది ఎందుకే అని ఆ మెట్టు మీదే కూర్సుంటాడు. ఉదయా, టీ అంటాడు. ఆ మాట ఆయన నోట్లోనించి వచ్చేలోపల గ్లాసు ఆయన ముందర పెట్టాలని నాకు పంతం. మా ఇద్దరికీ అదొక ఆట. నాకు సెవులు ఉండేదే దానికని నవ్వేవాడు.

నేను లేసినా మురుగేసూ.

ఐదుమందికి కండ్లు మూయించి కూర్సోబెట్టినదాన్ని, లేసి వంటింట్లోకి పొయినా. స్టవ్వు ఎలిగించినా. పాలు, టీపొడి, సక్కెర తక్కువ. వడగట్టినా, పెరటి వాకిలి తీసినా, గ్లాసు ముందుకు సాపినా. ఏం మామా, ఈ పొద్దు నువ్వే లేటు, అన్నా. మనసులో కాదప్పా. నోరు తెరిసి అన్నా.

మెట్టు మీద ఎవరూ లేరు.

ఎంతసేపు నిలబడినానో నాకే తెలీదు. సెయ్యి నొప్పి పుట్టింది. గ్లాసు సల్లారింది. అప్పుడు తెలిసింది.

అట్ల సూడొద్దు. నాకు పిచ్చి పట్టలేదు. ఆయన్ను కడిగినదాన్ని నేనే, బొట్టు తీపించుకున్నదాన్ని నేనే, దినాలకు వంట సేయించినదాన్ని నేనే. అయినా ఆయన లేడని నాకు తెలీలే. సారు దాన్ని నిబ్బరం అన్నాడు, కుప్పమ్మత్త గుండె రాయి అనింది. రెండూ కాదు. అది నీ మగ్గాల సద్దు, అంతే. ఆ సద్దు ఉన్నంతసేపూ మీ బావ ఈడ పనిలో ఉండాడు. పనిలో ఉండేవాని కోసం ఎవరన్నా ఏడస్తారా?

నీ తప్పేముండాది. మంచికే ఆపినావు. నువ్వు కండ్లు తుడుసుకోవద్దు, సిన్నబ్బ సూస్తా ఉండాడు.

ఇప్పుడు మోటార్లు ఎయ్యి. ఆ నిశ్శబ్దంలోకి నేను పోలేను. పోకపోతే వాళ్ళు లెయ్యరు. కుప్పమ్మత్త మోకాళ్ళు పట్టుకోనుంటాయి పాపం.

ఉండు. గోడవారది వద్దు. రేపు సిన్నబ్బ ఆడించుకోనీ, నేనేం అనను. ఈ పొద్దుకు దాన్ని అట్లే ఉండనీ. తక్కినవి ఎయ్యి.

ఈ గ్లాసు పట్టుకో. సక్కెర తక్కువుంటాది. తాగితే తాగు, లేకుంటే పారబొయ్యి.

ఏడుపా? ఇంగా రాలే. ఇంటికి పొయ్యేలోపల వస్తుందేమో. రానీలే. ఈ సద్దులో ఎవరికీ వినపడదు. అందరూ కండ్లు మూసుకోనుండారు, కనపడదు. గంట కొంచెం లేటుగా కొడతా.