చేతికి రాసుకున్న మందు

హలో… అక్కా, నేనే.

…గట్టిగా మాట్లాడలేను. బాత్రూంలో ఉన్నా. బయటికి వినపడకుండా కుళాయి తిప్పి పెట్టా.

…నాకేం కాలేదు. పాపకి. నా మనవరాలికి… రెండేళ్లు నిండని పిల్లకి రొమ్ములు పొడుచుకొస్తున్నాయక్కా.

…నిజం. స్నానం చేయిస్తూ కోడలు చూసింది. నిన్న పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ అడిగింది — ఇంట్లో ఎవరైనా హార్మోన్ క్రీము వాడుతున్నారా అని. కోడలు లేదంది. మావాడూ లేదన్నాడు. నేను… తల వంచుకు కూర్చున్నా.

…ఆ, అదే క్రీము. ముట్లుడిగాక ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదని ఏడిస్తే నువ్వు తీసుకెళ్లావే, ఆ లేడీ డాక్టరు రాసిందే.

…చెప్పిందిలే. రాసుకున్నచోట ఎవరినీ తాకనివ్వొద్దంది. పెద్దగా పట్టించుకోలేదు. ఈ పిల్ల నేను కనపడితే చాలు, కాళ్లకి చుట్టుకుంటుంది. ఈ చేతిమీదే నిద్రపుచ్చుతా. చెంప ఇక్కడే ఆనించి…

…ఎలా చెప్పను? మీ మరిదికి తెలీదు. ఈ వయసులో నీకివేం సోకులు అని నలుగురిలో నవ్వుతాడు. అందుకేగా ట్యూబు కుట్టుమిషను సొరుగులో దాచింది.

…ఇవాళ రక్తం తీస్తారు. తర్వాత తలకి స్కాన్. కదలకుండా మత్తిస్తారట. తలలో గడ్డేమోనని కోడలు నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదు.

…తెలుసక్కా. ఒక్క మాట చెబితే పోతుంది. చెబితే మళ్లీ పాపని నా చేతికిస్తారా?

…ట్యూబు పారేద్దామనే ఈ బాత్రూంలోకొచ్చా. మూత తీశా… రాసుకున్నా. నా చెయ్యి నా మాట వినలేదు. ఇది వచ్చాకే మనిషినయ్యానక్కా. అటు చూస్తే పిల్ల, ఇటు చూస్తే నా ఒళ్లు.

…మానక్కర్లేదా? తొడకి రాసుకుని, బట్ట కప్పుకుంటే… ఆ, ఆ డాక్టర్నే అడుగుతాలే. తాకడం ఆగితే పాపకి తగ్గిపోతుందంటావా?

…ఉండు. తలుపు కొడుతున్నారు. …ఆ, వస్తున్నానమ్మా.

…కోడలే. బయల్దేరుతున్నారట. అక్కా, పెట్టేయకు. తలుపు తీస్తున్నా.

…వద్దమ్మా, పాపని నాకివ్వకు. …కోపమేం లేదు. నువ్వే ఎత్తుకో. …రాకు తల్లీ, నా దగ్గరికి రాకు.

…నా చేతికి మందుందమ్మా. …దురద మందు కాదు. నిన్న డాక్టరమ్మ అడిగింది చూడు, ఆ క్రీము. వాడేది నేనే. …కొన్ని నెలలుగా. …పిల్లకి సూది గుచ్చనివ్వకు. ముందు ఈ సంగతి చెప్పు ఆవిడకి. నేనే వచ్చి చెప్తా.

…అక్కా. కోడలు నా చేతివంకే చూస్తోంది. పాపేమో చేతులు చాపి ఏడుస్తోంది, ఎత్తుకోమని. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నా.

…హాల్లోంచి మీ మరిది అరుస్తున్నాడు, ఏం మందు, ఎవరికి మందు అని.

…ఉంటానక్కా. ఇదంతా మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి.